వదిన రాసిన రాత్రుల లెక్క

మా అమ్మ పొందూరులో యాభై ఏళ్ళు నూలు వడికింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ వేరుచేసి, దూది ఏకి, ఏకులు చుట్టుకుని రాట్నం ముందు కూర్చుంటే భోజనానికి పిలిచినా ఒక పట్టాన లేచేది కాదు. చివరి నాలుగేళ్ళలో ఆమెకు నా పేరు పోయింది, నాన్న చనిపోయిన సంగతి పోయింది, అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండటం పోయింది. వేళ్ళు మాత్రం తమ పని మరచిపోలేదు. పొద్దు వాలేసరికి దుప్పటి అంచు పట్టుకుని, లేని దూదిని దువ్వుతూ ఉండేది. ఆ చేతులు ఆగితే కేకలు మొదలయ్యేవి.

కేకలు వీధి చివరి రామమందిరం దాకా వినిపించేవి. "నన్ను మా ఇంటికి తీసుకెళ్ళండి" అని ఒకటే మాట. ఉన్నది తన ఇంట్లోనే. అన్నయ్య హైదరాబాదులో కట్టడాల పనిలో ఉన్నాడు. నాకు శ్రీకాకుళంలో ఉద్యోగం, ఆదివారం ఆదివారం వెళ్ళేదాన్ని. అమ్మను చూసుకున్నది వదిన. ఈ వ్యాసంలో ఎక్కడైనా అలవాటుగా "మేము" అని రాస్తే దాన్ని "వదిన" అనే చదువుకోండి.

పట్నంలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తే డిమెన్షియా అన్నారు, నయం కాదన్నారు, రాత్రికి మత్తుమాత్ర రాశారు. పది రోజులు అమ్మ మగతగా పడుకునే ఉంది. పదకొండో రోజు పెరట్లో పడి మణికట్టు విరిగింది. మోతాదు తగ్గించాం, కేకలు తిరిగొచ్చాయి. ఇలా ఐదు నెలలు. చివరికి పక్కింటికి బీపీ మాత్రలివ్వడానికి వచ్చిన ఏఎన్ఎం మా అరుగు మీద ఆగి ఒక మాట అడిగింది: "అత్తగారికి మోకాళ్ళ నొప్పులుండేవి కదమ్మా, ఆ మాత్రలు ఇస్తున్నారా?"

ఇవ్వడం లేదు. అమ్మ అడగడం మానేసింది కాబట్టి మేము ఇవ్వడం మానేశాం. నొప్పి ఉందని చెప్పే మాట ఆమె దగ్గర పోయిందని మా ఎవరికీ తట్టలేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు అమ్మను చూసి పారాసిటమాల్ రాశారు. అడిగినప్పుడు ఇవ్వడం కాదు, అడిగినా అడగకపోయినా వేళకు ఇవ్వాలన్నారు. విరేచనం అయిందో లేదో రోజూ చూడమన్నారు, నోరు తెరిపించి పళ్ళు చూశారు. మత్తుమాత్రను మెల్లగా తగ్గించారు. వదిన మా అబ్బాయి పాత లెక్కల నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద గీతలు గీసి ప్రతి రాత్రీ రాయడం మొదలుపెట్టింది: ఎన్నింటికి పడుకుంది, ఎన్నిసార్లు లేచింది, ఎంతసేపు అరిచింది, ఆ రోజు ఏ మాత్ర ఏ వేళకు పడింది. మొదటి వారం ఏ మార్పూ లేదు. మూడో వారంలో ఏడు రాత్రుల్లో నాలుగు రాత్రులు "నిద్ర" అని ఒక్క మాటే రాసి ఉంది.

ఇంతవరకూ చదివి ఎవరైనా "అయితే పారాసిటమాల్ వాడితే సరిపోతుందన్నమాట" అంటే నేను ఒప్పుకోను. అదే మూడో వారంలో వానలు పడి ఉక్క తగ్గింది. మత్తుమాత్ర కూడా అప్పుడే తగ్గింది. అమ్మకు దేనివల్ల నిద్ర పట్టిందో ఆ నోటుపుస్తకం చెప్పలేదు. ఒక ఇంటి కథ ప్రశ్నను మాత్రమే ఇస్తుంది. జవాబు కావాలంటే చాలా ఇళ్ళు కావాలి, ఏ ఇంటికి కొత్త పద్ధతి, ఏ ఇంటికి పాతది అన్నది చీటీలు వేసి తేల్చాలి.

అలా చీటీలు వేసి చూసినవాళ్ళు ఉన్నారని తర్వాత తెలిసింది. నార్వే పశ్చిమ తీరంలో 18 వృద్ధాశ్రమాల్లో, డిమెన్షియా ముదిరి అశాంతితో ఉన్న 352 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మనిషి మనిషికీ కాకుండా ఆశ్రమంలోని విభాగాలకు చీటీలు వేశారు. కొన్ని విభాగాల్లో ఎనిమిది వారాల పాటు నొప్పికి మెట్టు మెట్టుగా మందు ఇచ్చారు, మిగిలినచోట్ల మామూలు సేవే కొనసాగింది. మందు ఇచ్చినచోట అశాంతి సగటున 17 శాతం తగ్గింది. ఎక్కువమందికి ఇచ్చింది పారాసిటమాలే. అది చదివిన రాత్రి నేను వదినకు ఫోను చేసి ఏడ్చాను. మా ఐదు నెలలు గుర్తొచ్చాయి. అప్పటికి ఆ ఫలితం వచ్చి పదేళ్ళు దాటింది. మా ఊరు దాకా రాలేదు.

ఎందుకు రాలేదన్నదే నా బాధ, ఈ వ్యాసానికి కారణం కూడా.

కొత్త మందును పరీక్షించే మామూలు ట్రయల్ ఎలా ఉంటుందో చూడండి. వేరే జబ్బులు పెద్దగా లేనివాళ్ళను ఎంచుకుంటారు. వెంట వచ్చే మనిషి ఉండాలి. నెల నెలా పెద్ద ఆస్పత్రికి రావాలి. మా అమ్మకు బీపీ, షుగరు. విశాఖ దాకా నెల నెలా తీసుకెళ్ళే మనిషి లేదు. జ్ఞాపకాన్ని కొలవడానికి ఎక్కువగా వాడే 30 మార్కుల పరీక్షలో రాసి ఉన్నది చదివి ఆ ప్రకారం చేయాలి, ఒక వాక్యం సొంతంగా రాయాలి. వంద నంబరు నూలు చేతి స్పర్శతో గుర్తుపట్టగలిగిన మనిషి, జన్మలో కలం పట్టనందుకు ఆ మార్కులు పోగొట్టుకుంటుంది. అంటే మా అమ్మలాంటివాళ్ళు ఆ ట్రయల్ గడప ఎక్కరు. కానీ ఆ ట్రయల్ తేల్చిన మందు మాత్రం చివరికి వాళ్ళ నోట్లోకే వస్తుంది.

1967లోనే డేనియల్ ష్వార్ట్జ్, జోసెఫ్ లెలూష్ అనే ఇద్దరు ఫ్రెంచి గణాంక శాస్త్రవేత్తలు ఈ తేడాను విడమరిచి రాశారు. ఒక మందు శరీరంలో ఏం చేస్తుందో తెలుసుకోవడం ఒక ప్రశ్న. రోజువారీ వైద్యంలో ఉన్న రెండు పద్ధతుల్లో దేన్ని ఎంచుకోవాలన్నది వేరే ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు వెతికే పరీక్షలనే ప్రాగ్మాటిక్ ట్రయల్స్ అంటున్నారు. వచ్చిన రోగులను వచ్చినట్టే తీసుకుంటారు. ఉన్న సిబ్బందితోనే, ఉన్న ఆస్పత్రుల్లోనే చేస్తారు. కొలిచేది కూడా రోగికీ ఇంట్లోవాళ్ళకూ అక్కరకొచ్చేదే.

అక్కరకొచ్చేది కొలిస్తే ఏమవుతుందో ఇంగ్లండులో తేలింది. డోనెపెజిల్ అనే జ్ఞాపకశక్తి మాత్రను 565 మందితో దీర్ఘకాలం పరీక్షించి 2004లో ఫలితం ప్రకటించారు. ఆ 30 మార్కుల పరీక్షలో మాత్ర వేసుకున్నవారికి సగటున ఒక మార్కు కన్నా తక్కువే, 0.8, ఎక్కువ వచ్చింది. ఇంట్లో ఉండలేక ఆశ్రమానికి వెళ్ళాల్సి రావడంలో మాత్రం మూడేళ్ళ తర్వాత చూసినా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ మాత్ర వేసుకోవద్దని నేను అనడం లేదు, అది డాక్టరుతో తేల్చుకోవలసిన విషయం. కానీ నెలకు ఇంత ఖర్చు పెట్టి ఆ మాత్ర కొనే కుటుంబానికి ఈ రెండో లెక్క కూడా చెప్పాలి. మాకు ఎవరూ చెప్పలేదు.

ప్రాగ్మాటిక్ ట్రయల్ మంచి ఉద్దేశాన్ని కూడా పట్టి చూస్తుంది. అమెరికాలో 360 నర్సింగ్ హోములను తీసుకుని, చీటీలు వేసి 119 చోట్ల చిన్న చిన్న వీడియోలు ఇచ్చారు. జబ్బు ముదిరిన దశలో ఆస్పత్రికి తీసుకెళ్ళాలా, ఉన్నచోటే బాధ తెలియకుండా చూసుకోవాలా అన్నది రోగీ కుటుంబమూ ముందే ఆలోచించుకోవడానికి ఆ వీడియోలు. అంతకుముందు చిన్న పరీక్షల్లో అవి బాగా పనిచేశాయి. 2020లో వచ్చిన ఫలితం చూస్తే ఆస్పత్రి ప్రయాణాలు తగ్గలేదు. కారణం వెతికితే, జబ్బు ముదిరినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికే వీడియో చూపించారని తేలింది. పనిభారంతో ఉన్న సిబ్బంది చేతికి ఇంకో పని అందించారు, అది అక్కడే ఆగిపోయింది.

నన్ను అడిగితే ఈ విఫలమైన ట్రయలే మన జిల్లాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది. మన ఏఎన్ఎం ఒక రోజును దగ్గర నుంచి చూడండి. పొద్దున్నే టీకాలు, తర్వాత గర్భిణుల ఇళ్ళు, జ్వరాల సర్వే, బీపీ షుగరు పరీక్షలు, 104 వాహనం వచ్చిన రోజున ఆ పని, సాయంత్రం ఫోనులో వివరాల నమోదు, నెట్టు రాకపోతే రాత్రి పదింటికి ఇంటి డాబా ఎక్కి మళ్ళీ నమోదు. ఆమె ఫోనులో ఇంకో యాప్ పెట్టి, మండల కేంద్రంలో ఫ్లెక్సీ కట్టి, "డిమెన్షియా సేవలు ప్రారంభం" అని ఫోటో దిగితే ఆ సేవ ఎన్ని ఇళ్ళకు చేరుతుంది? ముందు పది మండలాల్లో పరీక్షించి చూస్తే తెలిసిపోతుంది. చూడకుండా రాష్ట్రమంతా మొదలుపెడితే ఎప్పటికీ తెలియదు.

మన దేశంలో ఇలాంటి పని జరగలేదని కాదు. గోవాలో 81 కుటుంబాలతో చేసిన పరీక్ష 2008లో వెలువడింది. డాక్టర్లూ నర్సులూ కాని స్థానికులకే కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, కనీసం పదిహేను రోజులకోసారి ఇంటికి పంపారు. జబ్బు గురించి చెప్పడం, అరుపులూ అనుమానాలూ వచ్చినప్పుడు ఎలా మసలుకోవాలో చూపించడం, చూసుకునేవారి గోడు వినడం వారి పని. వెనక ఒక మానసిక వైద్యుడు ఉండేవాడు. ఆరు నెలలకు, చూసుకునేవారి మానసిక స్థితి స్పష్టంగా మెరుగుపడింది. రోగుల ప్రవర్తనలో, పనులు చేసుకునే శక్తిలో మాత్రం గట్టిగా చెప్పగలిగే మార్పు రాలేదు. ఈ రెండో సంగతి దాచకుండా రాశారు కాబట్టే మొదటిదాన్ని నేను నమ్ముతున్నాను. అయినా వదినకు ఆ ఆరు నెలలు దొరికి ఉంటే ఆమెకు బీపీ వచ్చేది కాదేమో.

60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దేశం మొత్తం మీద 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా చెప్పింది. మగవారి కన్నా ఆడవారిలో, పట్టణాల కన్నా పల్లెల్లో ఎక్కువ. పిల్లలు హైదరాబాదుకో చెన్నైకో, మత్స్యకారులైతే గుజరాత్ రేవులకో పనికి వెళ్ళిపోయి ముసలివాళ్ళు మిగిలిన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో ఒక్కసారి తిరిగి వస్తే ఆ అంకె మనుషులై కనిపిస్తుంది. వదిన పుట్టిల్లు చీపురుపల్లి దగ్గర. ఆ వీధిలోనే అలాంటి ఇళ్ళు రెండున్నాయి. ఒక ఇంట్లో పెద్దాయనను మంచానికి కట్టి పొలానికి వెళ్తారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నాట్లు వేసే రోజులు.

ఇక అన్నం సంగతి. దీని గురించి రాయడం నాకు కష్టం.

ఆఖరి సంవత్సరం అమ్మ మింగడం మరచిపోయింది. ముద్ద నోట్లో పెడితే బుగ్గన దాచుకుని కూర్చునేది, లేదా పొలమారేది. జ్వరం వచ్చి వేరే ఆస్పత్రిలో చేర్చితే ముక్కులోంచి గొట్టం వేశారు. అమ్మ దాన్ని పీకేసింది. మళ్ళీ వేశారు, ఈసారి రెండు చేతులూ గుడ్డపీలికలతో మంచం కమ్మీకి కట్టారు. ఎప్పుడూ కదిలే ఆ వేళ్ళు మూడు రోజులు కదలలేదు. నాలుగో రోజు వదిన సంతకం పెట్టి అమ్మను ఇంటికి తెచ్చేసింది. "తిండి పెట్టకుండా చంపుతారా?" అని బంధువులు ముఖం మీదే అన్నారు. నేను కూడా ఆ రాత్రి లోలోపల అదే అనుకున్నాను.

అప్పుడు నాకు తెలియాల్సినవి ఇవి. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో డిమెన్షియా చివరి దశలో ఉన్న 323 మందిని 18 నెలల పాటు గమనించి 2009లో ప్రచురించారు. వారిలో 86 శాతం మందికి తినడంలో ఇబ్బంది వచ్చింది, సగానికి పైగా ఆ గడువులోనే చనిపోయారు. తినలేకపోవడం జబ్బులో భాగం, పెట్టేవాళ్ళ తప్పు కాదు. ఈ జబ్బు చివరికి ఇలాగే వస్తుందని ముందే అర్థమైన కుటుంబాల్లో, ఆఖరి మూడు నెలల్లో రోగిని బాధపెట్టే చికిత్సలు బాగా తక్కువగా జరిగాయి. అదే ఏడాది గొట్టం మీద అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన సమీక్షకు చీటీలు వేసి చేసిన ట్రయల్ ఒక్కటీ దొరకలేదు. ఉన్న అధ్యయనాల్లో గొట్టంతో ఆయుష్షు పెరుగుతుందని గానీ, పడకపుళ్ళు తగ్గుతాయని గానీ ఆధారం కనిపించలేదు. అమెరికా వృద్ధుల వైద్య నిపుణుల సంఘం ఈ దశలో గొట్టం వద్దని, ఓపికగా చేత్తో తినిపించమని చెబుతోంది.

వదిన అదే చేసింది. పల్చటి చోడి అంబలి, చెంచాలో సగం. అమ్మను కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా దించి, గొంతు కదిలేదాకా ఆగి, ఇంకో అర చెంచా. ఒక గిన్నెకు గంట పట్టేది. ఆ గంటను మన ఆస్పత్రి లెక్కల్లో ఎవరూ రాయరు. చేత్తో తినిపించడం ఎలాగో ఇంట్లోవాళ్ళకు నేర్పిస్తే పొలమారి వచ్చే నిమ్మూ, ఆస్పత్రి ప్రయాణాలూ తగ్గుతాయా? ఈ ప్రశ్నకు మన ఊళ్ళలో జవాబు వెతకడానికి కొత్త యంత్రం అక్కర్లేదు, కొత్త మందు అక్కర్లేదు.

ట్రయల్ అనగానే మన దగ్గర వచ్చే మాట నాకు తెలుసు: "మా మీద ప్రయోగాలు చేస్తారా?" ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన అధ్యయనంలో చాలామంది పిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని విచారణలో బయటపడింది. మరుసటి ఏడాది దాన్ని ఆపేశారు. ఇటు ఉద్దానంలో కిడ్నీ జబ్బు కారణం వెతకడానికి ఎన్నో బృందాలు వచ్చాయి. కవిటి దగ్గర మా పిన్ని రెండుసార్లు రక్తం ఇచ్చింది, ఒక్కసారి కూడా ఫలితం ఆమెకు చేరలేదు. మూడోసారి వచ్చినవాళ్ళను ఆమె గుమ్మంలోంచే పంపేసింది. పిన్ని చేసింది తప్పని నేను అనలేను.

డిమెన్షియాలో ఇది ఇంకా చిక్కు, ఎందుకంటే ఒప్పుకోవలసిన మనిషికి ఒప్పుకోవడమంటే ఏమిటో తెలియని స్థితి. కుటుంబం తరఫున ఒకరు సంతకం పెట్టవచ్చని నియమాలున్నాయి. ఆ ఒకరు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు వచ్చే కొడుకు అవుతాడు, రోజూ ఒళ్ళు తుడిచే కోడలు కాదు. నేనైతే ఆ కోడలిని అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదంటాను. గ్రామసభలో ముందు చెప్పాలి. దేశంలో 2009 జూన్ నుంచి మందుల ట్రయల్స్‌కు ముందస్తు నమోదు తప్పనిసరి. మందు లేని ఇలాంటి సేవల పరీక్షను కూడా భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేసి, ఆ నంబరు గ్రామ సచివాలయం గోడ మీద రాయాలి. అయ్యాక ఫలితం, మంచైనా చెడైనా, అదే గ్రామసభలో తెలుగులో చదవాలి.

నేను కోరుకునే పరీక్ష ఇది. రెండు జిల్లాల్లోని మండలాలకు చీటీలు వేయాలి. ముందు వచ్చిన మండలాల్లో ఏఎన్ఎంకూ ఆశా కార్యకర్తకూ శిక్షణ ఇవ్వాలి: నొప్పిని ముఖం చూసి, మూలుగు విని ఎలా గుర్తుపట్టాలి, మత్తుమాత్రలు వాడుతుంటే డాక్టరుకు ఎప్పుడు చెప్పాలి, మలబద్ధకం, నోటిపుండ్లు, పడకపుళ్ళు ఎలా చూడాలి, చేత్తో ఎలా తినిపించాలి. దానికి బదులుగా వాళ్ళ మీదున్న నమోదు పనుల్లో ఒకటి తీసేయాలి, లేకపోతే అమెరికా వీడియోల గతే పడుతుంది. మిగిలిన మండలాలు ఆరు నెలలకు కొన్ని చొప్పున చేరుతూ వస్తాయి. 1980లలో గాంబియాలో హెపటైటిస్-బి టీకాను ఇలాగే ప్రాంతం తర్వాత ప్రాంతంగా తెచ్చి, ఫలితాన్ని కొలిచే ఏర్పాటు చేశారు. కొలవాల్సినవి నిద్రపోయిన రాత్రులు, ఆస్పత్రి ప్రయాణాలు, పడకపుళ్ళు, వైద్యం కోసం చేసిన అప్పు, చూసుకునే మనిషి ఆరోగ్యం. శ్రీకాకుళంలో, విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అక్కడి పీజీ విద్యార్థులకు ఇంతకన్నా మంచి పరిశోధనాంశం ఏముంటుంది?

ఆఖరి రోజుల బాధకు మార్ఫిన్ కూడా ఇందులో ఉండాలి. 2014లో మత్తుమందుల చట్టం సవరించి దాన్ని అందుబాటులోకి తేవడం సులువు చేశారు. నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవకు, అంటే పాలియేటివ్ కేర్‌కు, 2008లోనే విధానం ప్రకటించిన కేరళలో నర్సులు ఇంటికే వచ్చి చూస్తారు. మా అమ్మ చివరి వారం మూలిగిన మూలుగు ఇంకా నా చెవిలో ఉంది. అప్పుడు మా ఇంటికి వచ్చింది ఆ ఏఎన్ఎం ఒక్కతే, అదీ తన డ్యూటీ అయ్యాక.

మొన్న పొందూరు వెళ్ళినప్పుడు ఈ పరీక్ష సంగతంతా వదినకు చెప్పాను. ఆమె చోళ్ళు చెరుగుతూ విని, చేట ఆపి అడిగింది: "చీటీలో మన మండలం వెనకబడితే అప్పటిదాకా ఇక్కడి కోడళ్ళు ఏం చేయాలి?" అందరికీ ఒకేసారి శిక్షణ ఇచ్చేంతమంది లేరని, వంతుల్లో ఇవ్వక తప్పదని, ఎవరి వంతు ముందో పలుకుబడి కాకుండా చీటీ తేల్చడం మేలని చెప్పాను. వదిన కాసేపు ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి ఆ లెక్కల నోటుపుస్తకం తెచ్చింది. "వంతు వచ్చేదాకా ఆశా అమ్మాయిని ఇది చూడమను. గీతలు ఎలా గీసుకోవాలో ఇందులో ఉంది" అంది.

పుస్తకం ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గర ఉంది. మా వీధిలోనే ఇంకో రెండు ఇళ్ళలో రాత్రుల లెక్క రాస్తున్నారు.